ఏడు ఎండుమిరపకాయలూ, ప్రవర్తనా నియమావళీ

నా పదవీ విరమణ సభలో మాట్లాడిన వాళ్ళందరూ నా ఈల గురించే మాట్లాడారు. "మేడమ్ ఈల వేస్తే గోడ అవతల మేసే గేదెలు కూడా వరసలో నిలబడేవండీ" అన్నారు హెడ్మాస్టరుగారు. నిబంధనలకు మారుపేరు అని ఒకరు, క్రమశిక్షణకు నిలువుటద్దం అని ఇంకొకరు పొగిడారు. ఏప్రిల్ నెల, ప్రకాశం జిల్లా ఎండ. అయిదు శాలువాలు కప్పి కూర్చోబెట్టారు. చెమటతో తడిసి ముద్దవుతూ నేను లోపల ఒకటే అనుకున్నాను: వీళ్ళకి ఆ హోటలు సంగతి తెలియదు, బతికిపోయాను.

ఇప్పుడు చెప్పేస్తాను. కొత్తగా ఉద్యోగంలో చేరిన వ్యాయామ ఉపాధ్యాయులూ, ముఖ్యంగా మెడలో ఈల పడగానే నడక మారిపోయే పిల్లలూ, మీ కోసమే. ముప్ఫయ్యేళ్ళకు పైగా జిల్లా పరిషత్తు హైస్కూళ్ళలో పీఈటీగా చేశాను. నేర్పిన ఆటలు చాలా ఉన్నాయి. నేను నేర్చుకున్నది మాత్రం ఒక మధ్యాహ్నం, ఒక బాత్రూములో.

రిటైరవడానికి కొన్నేళ్ళ ముందు మన దేశంలోనే అమ్మాయిల అంతర్జాతీయ ఫుట్‌బాల్ పోటీలు పెద్ద ఎత్తున జరిగాయి. చిన్న వయసు పిల్లల జట్లు. జట్టుకొక మహిళా సహాయక మేనేజరు ఉండాలన్నారు. పిల్లల బాగోగులు, భద్రత, క్రమశిక్షణ ఆవిడ పని. మన దేశపు జట్టుకి రాష్ట్రాల నుంచి పేర్లు అడిగితే ఎవరో నా పేరు పంపారు, ఎంపికయ్యాను. నేను ఎగిరి గంతేశాను. ఆ వయసులో ఎగిరి గంతేయడం పీఈటీలకే సాధ్యం, నిజంగానే గంతేశాను, మోకాలు రెండ్రోజులు నొప్పి పెట్టింది.

మా శిబిరం పెట్టిన హోటల్లో చేరగానే నా చేతికి ఒక పుస్తకం ఇచ్చారు. పోటీలు జరిగినన్నాళ్ళూ ఆటగాళ్ళు ఎలా మెలగాలో చెప్పే ప్రవర్తనా నియమావళి. ఇరవై రెండు నిబంధనలు. బయటి తిండి తినకూడదు. బయటి మనుషుల్ని జట్టు ఉండే అంతస్తులోకి రానివ్వకూడదు. ముక్కు మొహం తెలియని వాళ్ళతో మ్యాచ్ గురించి మాట్లాడకూడదు, పందేలరాయుళ్ళు ఉంటారు. జెర్సీ లోపలి బనీను మీద ఏమీ రాసుకోకూడదు. గదుల్లో ఏదీ వెలిగించకూడదు. అవతలి జట్టు విశ్రాంతికి భంగం కలిగించకూడదు. ఇలా ఉన్నాయి. ఆఖరిది, ఇరవై రెండోది, ఒకే ఒక్క వాక్యం: ఈ నిబంధనలన్నీ జట్టు సిబ్బందికీ వర్తిస్తాయి.

నాకు ఆ పుస్తకం తెగ నచ్చింది. రోజూ పొద్దున టిఫిన్ల దగ్గర రెండు మూడు నిబంధనలు పైకి చదివేదాన్ని. పిల్లలు ఇడ్లీ ముక్క నోట్లో పెట్టుకుని వినేవాళ్ళు. ఇరవై రెండోది వచ్చేసరికి మాత్రం "ఇది మా గురించిలే" అని పేజీ తిప్పేసేదాన్ని. మా ఫిజియోథెరపిస్టు అమ్మాయి ఒకతి ఉండేది, విశాఖ వైపు పిల్ల, నా గదిలోనే ఉండేది, మహా వెటకారం. "మేడమ్, ఆ పుస్తకం తలకింద పెట్టుకుని పడుకుంటున్నారా ఏంటండీ?" అనేది. "నువ్వు పట్టీలు వేసుకో, నా పని నన్ను చేసుకోనీ" అనేదాన్ని.

మొదటి రోజే అందరి సంచులూ తనిఖీ చేశాను. మరమరాల లడ్డూలు, ఎండు చేపలు, చాక్లెట్లు, ఏవేవో బయటపడ్డాయి. అన్నీ ఒక అట్టపెట్టెలో వేసి, ఎవరి దగ్గర ఏం దొరికిందో చీటీ రాసి నా బీరువాలో పెట్టాను. జట్టు మొత్తానికి తెలుగు పిల్ల ఒక్కతే, మా గోల్‌కీపరు. పెదకాకాని దగ్గరి పల్లె. వాళ్ళ నాన్న ఊరూరా తిరిగి పరుపులు కుడతాడు, అమ్మ గుంటూరులో మిరపకాయలకు తొడిమలు తీసే పనికి వెళ్తుంది. లారీకెత్తేటప్పుడు పత్తి బోరేలు కింద పడకుండా పట్టుకుని పట్టుకుని ఆ పిల్లకు బంతి పట్టడం వచ్చిందని వాళ్ళ పీఈటీ నాతో చెప్పాడు. ఎంత నిజమో తెలియదు గానీ చేతులు మాత్రం అలాగే ఉండేవి, బంతి వచ్చి అతుక్కుపోయేది.

ఆ పిల్ల సంచి అడుగున తెల్లగుడ్డలో మూటగట్టిన పొట్లం దొరికింది. విప్పితే ఏడు ఎండుమిరపకాయలు, గుప్పెడు కళ్ళుప్పు.

"ఇదేంటే?"

"అమ్మ పెట్టింది మేడమ్."

"ఇక్కడి కూరల్లో కారం చాలదనా? బయటి తిండి కూడదని చదివానా లేదా?"

"తినడానికి కాదు మేడమ్, అదీ..." అని నసిగింది.

"ఏదైనా సరే, మిరపకాయ మిరపకాయే" అని లాక్కుని చీటీ మీద 'ఎండుమిరపకాయలు ఏడు, ఉప్పు' అని రాసి పెట్టెలో పడేశాను. ఆ పిల్ల కళ్ళనీళ్ళ పర్యంతమైంది. నేను పట్టించుకోలేదు.

మొదటి మ్యాచ్ డ్రా అయింది. మనకంటే ఎన్నో రెట్లు బలమైన జట్టు మీద డ్రా అంటే మాటలా! అదంతా ఆ పిల్ల పుణ్యమే. మూడు గోల్స్ ఖాయమనుకున్నవి ఆపింది. మర్నాడు పేపర్లలో గాల్లో తేలుతూ బంతి పట్టుకున్న ఫోటో వేశారు. మన తెలుగు పేపర్లలో అయితే మొదటి పేజీలోనే. టీవీ వాళ్ళు ఊరికెళ్ళి వాళ్ళ నాన్న పరుపు కుడుతుంటే తీశారట.

ఆ మర్నాటి నుంచే మొదలైంది. సాధనలో బంతి జారిపోతోంది. చేతుల్లో పడ్డట్టే పడి వెనక్కి వెళ్ళిపోతోంది. రెండో మ్యాచ్‌లో రెండు తేలికపాటి గోల్స్ వదిలేసింది, ఓడిపోయాం. అన్నం సరిగా తినడం లేదు, పిలిస్తే ఉలిక్కిపడుతోంది. మూడో మ్యాచ్ రేపనగా పొద్దున సాధనలో మా కోచ్‌గారు, ఉత్తరాది మనిషి, మంచాయన, నన్ను పక్కకి పిలిచి హిందీలో చెప్పారు. "సాయంత్రం ఇంకోసారి చూస్తాను మేడమ్. ఇలాగే ఉంటే రేపు రెండో గోల్‌కీపర్ని దింపుతా. పిల్లకి మీరే మెల్లగా చెప్పండి."

అది ఆ పోటీల్లో మాకు ఆఖరి మ్యాచ్. రేపు ఆడకపోతే ఆ పిల్ల గురించి అందరికీ గుర్తుండేది ఆ రెండు గోల్సే. ఆ వయసు జట్టులో మళ్ళీ అవకాశం రాదు. పై జట్టులోకి ఎంచుకునే పెద్దలు రేపు మైదానంలో కూర్చుని ఉంటారు. పరుపులు కుట్టే ఇంట్లోంచి ఇంత దూరం వచ్చిన పిల్ల అలా వెనక్కి వెళ్ళిపోవడమేనా అనిపించింది.

భోజనాలయ్యాక పిల్లలకు అరగంట ఫోన్లు ఇచ్చేదాన్ని. ఆ రోజు ఆ పిల్ల తన ఫోను తెచ్చి నా చేతిలో పెట్టింది. "అమ్మ మీతో మాట్లాడతదంట మేడమ్."

"మేడమ్‌గారూ, నమస్తే అండీ" అంది వాళ్ళమ్మ. వెనకాల ఆడవాళ్ళ మాటలు, గోతాలు దులుపుతున్న చప్పుడు. పనిలో ఉండే మాట్లాడుతోంది. "మా పిల్లకి దిష్టి కొట్టిందండీ. పేపర్లో బొమ్మ చూసి ఊరు ఊరంతా నోరు వెళ్ళబెట్టారు కదండీ, కొట్టదా మరి? ఇట్టా అవుద్దనే పొట్లం కట్టి పంపా. అది మీరు తీసేసుకున్నారంట."

అప్పటికి గానీ నాకు వెలగలేదు, ఆ ఏడు మిరపకాయలు ఎందుకో. గుంటూరు జిల్లాలో పుట్టి పెరిగి, ఏడు మిరపకాయలూ కళ్ళుప్పూ ఒకే మూటలో చూసి తిండి అనుకున్నాను! నా తెలివికి నన్నే మెచ్చుకోవాలి.

"అమ్మా, చదువుకున్న దాన్ని, నాతో అలాంటివి చేయించకు. పిల్ల భయపడింది, అంతే. ధైర్యం చెప్తా" అన్నాను.

"చెప్పండి మేడమ్, ధైర్యం కూడా చెప్పండి. ముందు ఒక్కసారి తిప్పెయ్యండి. నేనే వద్దును, రానివ్వరంట కదా. అక్కడ దానికి నాలాంటిదానివి నువ్వే గదమ్మా!" అంది. మాటల మధ్యలో 'మీరు' పోయి 'నువ్వు' వచ్చేసింది. ఆ ఒక్క ముక్కకి నేను కరిగిపోయాను.

నా గురించి కాస్త చెప్పాలి. మాది చర్చి కుటుంబం. నాన్న సంఘపెద్ద. దిష్టి, దయ్యం అనే మాట ఇంట్లో వినపడితే ఊరుకునేవాడు కాదు. కానీ నేను ఏ పరుగుపందెంలోనో గెలిచి వచ్చిన రోజున మా నాయనమ్మ, ముందు శుభ్రంగా ప్రార్థన చేసి, నాన్న సైకిలెక్కి వీధి మలుపు తిరిగాడని చూసుకుని, గుప్పిట్లో మిరపకాయలు పట్టుకుని నా చుట్టూ తిప్పేది. "మీ నాన్నకి చెప్పావో, వీపు చీరేస్తా" అనేది. కాబట్టి ఆ పని ఎలా చెయ్యాలో నాకు క్షుణ్ణంగా తెలుసు.

బీరువా తాళం తీసి పొట్లం బయటికి తీశాను. మా గదిలో ఫిజియో పిల్ల ఉంది, చూస్తే ఇక జన్మంతా ఏడిపిస్తుంది. అందుకని గోల్‌కీపరు గదికే వెళ్ళాను. ఆ గదిలో ఉండే రెండో పిల్ల మసాజ్‌కి వెళ్ళింది. మధ్యాహ్నం మూడు గంటలు, అంతస్తంతా విశ్రాంతిలో ఉంది.

పిల్లని తూర్పు ముఖంగా కుర్చీలో కూర్చోబెట్టాను. మిరపకాయలూ ఉప్పూ గుప్పిట పట్టి పైనుంచి కిందికి మూడుసార్లు అటూ మూడుసార్లు ఇటూ తిప్పాను. "ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, పేపరు దిష్టి, టీవీ దిష్టి, అవతలి జట్టు ఫార్వర్డు దిష్టి..." అని మొదలుపెడితే ఆ పిల్ల కిసుక్కున నవ్వింది. "నవ్వకే, దిష్టి పోదు" అని కసిరాను. నాకూ నవ్వొస్తోంది.

కాల్చడం ఎలా? పొయ్యి లేదు. నా స్టీలు టిఫిను డబ్బా మూత తెచ్చాను. ప్రథమ చికిత్స పెట్టెలోంచి దూది తెచ్చాను. "దూది బాగా మండుద్ది మేడమ్, కొబ్బరి నూనె చుక్కలు వెయ్యండి, ఆరిపోకుండా ఉంటది" అని సలహా చెప్పింది దూదితో పెరిగిన పిల్ల. అగ్గిపెట్టె నా సంచిలో టార్చిలైటు పక్కన ఎప్పుడూ ఉండేది. గదిలో ఏదీ వెలిగించకూడదని రోజూ చదివేది నేనే అన్న సంగతి ఆ క్షణాన నాకు ఇసుమంతైనా గుర్తు రాలేదంటే మీరు నమ్మాలి. కాదు, నమ్మకండి. గుర్తొచ్చింది. ఒక్క నిమిషం పనే కదా అనుకున్నాను.

పైగా నేనేం తక్కువ తెలివైనదాన్ని కాదు. గది కప్పుకి పొగ కనిపెట్టే యంత్రం ఉందని చూశాను. అందుకని బాత్రూములోకి వెళ్ళి తలుపేసుకుని, గోడకున్న ఫ్యాను వేసి, దాని కిందే మూత పెట్టి వెలిగించాను. పొగంతా ఆ ఫ్యాను లాక్కుని బయటి ఆకాశంలోకి వదిలేస్తుందని నా లెక్క. మా ఇంటి వంటగదిలో ఫ్యాను అలాగే వదులుతుంది మరి.

ఆ హోటల్లో ఫ్యాన్లు ఆకాశంలోకి వదలవట. ఆ వరసలో కింద నుంచి పైదాకా ఉన్న బాత్రూములన్నిటికీ కలిపి గోడలో ఒకటే నిలువు గొట్టం ఉందట. నేను పంపిన పొగ ఆ గొట్టంలోంచి పై అంతస్తు బాత్రూములన్నిటిలోకీ వెళ్ళింది. పై అంతస్తులో ఉన్నది ఎవరనుకున్నారు? రేపు మాతో ఆడబోయే విదేశీ జట్టు.

ముందు నేను దగ్గాను. మామూలు దగ్గు కాదు, పేగులు బయటికొచ్చే దగ్గు. తలుపు తీసుకుని బయటపడితే ఆ పిల్ల దగ్గడం మొదలెట్టింది. తలుపు తీసినందుకు ఘాటు గదిలోకి, గదిలోంచి వరండాలోకి పాకింది. పైనుంచి ధబధబా పరిగెడుతున్న అడుగుల చప్పుడు. ఎవరో ఏదో భాషలో కేకలు. అంతలో కప్పు మీది యంత్రం చెవులు చిల్లులు పడేలా మోగింది. ఆ వెంటనే హోటలంతా మోగింది.

నేను మూతని కొళాయి కింద పడేసి ఆర్పాను. అలా చేస్తే ఘాటు ఇంకా లేస్తుందని మా నాయనమ్మ చెప్పలేదు.

పది నిమిషాల్లో రెండు జట్లూ, హోటలు సిబ్బందీ, అందరం పచ్చిక మీద ఉన్నాం. పై జట్టు పిల్లల్లో ఒకమ్మాయి తలకి షాంపూ నురగతో వచ్చేసింది. ఇంకొకతి పళ్ళు తోముకునే బ్రష్షు నోట్లోంచి తియ్యడం మర్చిపోయింది. అందరికీ కళ్ళనీళ్ళు, ముక్కు నీళ్ళు. తుమ్మేవాళ్ళు తుమ్ముతున్నారు, దగ్గేవాళ్ళు దగ్గుతున్నారు. మా కోచ్‌గారు రుమాలు మొహాన అడ్డం పెట్టుకుని "ఏమయింది, ఏమయింది" అని తిరుగుతున్నారు. ఫిజియో పిల్ల గాలి పీల్చి, నా మొహం చూసి, "మేడమ్, ఇది మనూరి వాసనలా ఉందండీ" అంది. నేను అటు తిరిగి నిలబడ్డాను.

నా చెయ్యి పట్టుకుని ఎవరో లాగారు. మా గోల్‌కీపరు. కళ్ళు ఎర్రగా ఉబ్బిపోయాయి గానీ మొహం వెలిగిపోతోంది.

"మేడమ్, అందరూ దగ్గుతున్నారు!"

"కనపడుతోంది. నోరు ముయ్యి."

"అది కాదు మేడమ్! దిష్టి ఉంటే ఘాటు రాదు కదా, మిరపకాయలు ఊరికే కాలిపోతయ్యి. ఇంత ఘాటొచ్చిందంటే నాకు అసలు దిష్టే లేదు. హోటలు హోటలంతా దగ్గింది మేడమ్! కొంచెం కూడా లేదు!"

మన వైపు లెక్క అంతే. మిరపకాయలు కాల్చినప్పుడు ఘాటు రాకపోతే దిష్టి ఉన్నట్టు, ముక్కులు అదిరిపోతే లేనట్టు. నేను ఉద్యోగం ఊడుతుందేమోనని వణుకుతుంటే ఇది పరీక్ష పాసైనట్టు సంబరపడుతోంది. చూస్తే వారం రోజుల్లో మొదటిసారి ఆ పిల్ల మామూలుగా నవ్వింది. వణుకులోనూ నాకు ఒక పక్క హాయిగా అనిపించింది.

ఆ హాయి గంటసేపు కూడా నిలవలేదు. యంత్రంలో గది నంబరు పడింది. అవతలి జట్టు మేనేజరు, రేపటి మ్యాచ్ ముందు తమ పిల్లల ఊపిరి దెబ్బతియ్యాలని కావాలనే చేశారని ఫిర్యాదు రాసిచ్చాడు. పోటీల తరఫున క్రమశిక్షణ చూసే అధికారిణి వచ్చింది. విదేశీయురాలు, పొడగరి, నెమ్మదిగా మాట్లాడే మనిషి. హోటలు కిందిగదిలో బల్ల వేసి కూర్చుంది. ఎదురుగా కోచ్‌గారు, నేను, ఆ పిల్ల. బల్ల మీద నల్లగా మాడిన నా టిఫిను డబ్బా మూత. పక్కన ఆ నియమావళి పుస్తకం. అచ్చంగా నా దగ్గరున్నదాని లాంటిదే.

ఆమె ఇంగ్లీషులో చెప్పిందాని సారాంశం ఇది. "రెండు నిబంధనలు తప్పారు. గదిలో నిప్పు పెట్టారు, అవతలి జట్టు విశ్రాంతి చెడగొట్టారు. ఇది ఆటగత్తె చేసి ఉంటే రేపటి మ్యాచ్ ఆడదు. చేసింది ఎవరు?"

ఇక్కడే పిల్లలూ, నేను చెప్పాలనుకున్నది. చేసింది నేను. నోరు తెరిచి 'నేనే' అనడానికి ఎంతసేపు పడుతుంది? నాకు నోరు పెగల్లేదు. నా బుర్రలో ఏవేవో తిరిగాయి. రిటైర్మెంటు దగ్గరపడింది. పేపర్లో పడుతుంది. 'క్రమశిక్షణ నేర్పాల్సిన టీచరు, మూఢనమ్మకం' అని రాస్తారు. చర్చిలో మా నాన్న కూర్చునే వరస గుర్తొచ్చింది. బడిలో నేను గోడకుర్చీ వేయించిన పిల్లలందరూ గుర్తొచ్చారు. నేను బల్ల మీది మూత వంకే చూస్తూ కూర్చున్నాను.

"నేనే చేశాను" అంది ఆ పిల్ల. వచ్చిన కాస్త ఇంగ్లీషులో, నిటారుగా నిలబడి. "మిరపకాయలు నావి. మా అమ్మ ఇచ్చింది. మేడమ్‌కి తెలియదు."

ఒక్క అక్షరం తడబడలేదు. పదహారేళ్ళ పిల్ల, బంతి మీదికి దూకినట్టే నా మీదికి వచ్చే దానికి అడ్డం దూకింది. తన మ్యాచ్ పోతుందని తెలిసే దూకింది. నాకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో అంత చిన్నబోయింది లేదు, ఇప్పటికీ తల్చుకుంటే చెవులు వేడెక్కుతాయి.

"అబద్ధం" అన్నాను. నా గొంతు నాకే ఈలలా వినపడింది. "ఈ పిల్ల అబద్ధం చెబుతోంది. మిరపకాయలు మొదటి రోజే నేను స్వాధీనం చేసుకున్నాను, చీటీ ఉంది, నా బీరువా తాళం నా దగ్గరే ఉంది. తిప్పింది నేను, వెలిగించింది నేను, ఫ్యాను వేసింది నేను. ఆ మూత నా టిఫిను డబ్బాది, కావాలంటే డబ్బా తెచ్చి పెట్టి చూపిస్తాను."

"మేడమ్, ఊరుకోండి మేడమ్" అంది ఆ పిల్ల తెలుగులో.

"నువ్వు ఊరుకోవే" అన్నాను.

అధికారిణి పుస్తకం తెరిచి, పేజీలు తిప్పి, ఆఖరి పేజీ దగ్గర ఆగి, నావైపు తిప్పింది. వేలు పెట్టి చూపించక్కర్లేదు. రోజూ నేను తిప్పేసే పేజీ అదే.

ఆమె ఎందుకు చేశావని అడిగింది. దాపరికం లేకుండా అంతా చెప్పాను. వాళ్ళమ్మ ఫోను, మా నాయనమ్మ నాన్న సైకిలు మలుపు తిరిగేదాకా కాపు కాయడం, అన్నీ. అవతలి జట్టు మీద కోపంతో కాదని చెప్పడానికి వేరే దారి లేదు. ఆమె ఎక్కడా నవ్వలేదు. చీటీ తెప్పించి చూసింది. 'ఎండుమిరపకాయలు ఏడు, ఉప్పు' అని నేను తెలుగులో రాసింది చదివించుకుంది. ఆ చీటీయే మమ్మల్ని కాపాడింది. నా నిబంధనల పిచ్చి మొత్తానికి ఒక్కసారి పనికొచ్చింది.

తీర్పు అక్కడికక్కడే చెప్పింది. నేను ఆ సాయంత్రానికల్లా జట్టు హోటలు వదిలిపెట్టాలి. రేపు ఆటగాళ్ళ గదిలోకి గానీ, మైదానం అంచున బెంచీ మీదికి గానీ రాకూడదు. మా శాఖకి ఉత్తరం వెళుతుంది. పై అంతస్తుకి వెళ్ళి అవతలి జట్టుకు స్వయంగా క్షమాపణ చెప్పాలి. ఇక ఆ పిల్లకి, అధికారితో అబద్ధం చెప్పినందుకు ఒక హెచ్చరిక. "రేపు ఆడవచ్చు" అంది.

పై అంతస్తుకి వెళ్ళి క్షమాపణ చెప్పాను. షాంపూ నురగతో వచ్చిన అమ్మాయి, నేను చేత్తో గుప్పిట తిప్పి చూపిస్తూ వివరిస్తే పగలబడి నవ్వింది. వాళ్ళ ఊళ్ళో దిష్టికి తలగడ కింద కత్తెర పెడతారట. మేనేజరు మాత్రం మొహం అలాగే పెట్టుకున్నాడు గానీ, ఫిర్యాదు వెనక్కి తీసుకున్నాడు.

పెట్టె సర్దుకుంటుంటే ఫిజియో పిల్ల సాయం చేసింది. వెటకారం చేస్తుందని ఎదురుచూశాను. చెయ్యలేదు. "నేనున్నాను కదండీ, పిల్లల్ని చూసుకుంటాలెండి" అని, నా చీరలు మడతపెట్టి, చివర్లో ఆ పుస్తకం నా చేతికిచ్చి, "తలకింద పెట్టుకోడానికి" అంది. నవ్వేశాను. కళ్ళు తుడుచుకున్నాను. ఘాటు ఇంకా పోలేదని చెప్పాను.

మెట్ల దగ్గర ఆ అధికారిణి ఎదురైంది. వెళ్ళబోతూ ఆగి అడిగింది. "పరీక్ష ఫలితం ఏమిటి? దిష్టి ఉన్నట్టా, లేనట్టా?"

"లేదండీ" అన్నాను. "అంతమంది దగ్గాక ఇంక అనుమానం లేదు."

అప్పుడు నవ్వింది. "నా నివేదికలో అది రాయడానికి గడి లేదు" అని వెళ్ళిపోయింది.

మర్నాటి మ్యాచ్ మనం ఓడిపోయాం, ముందే చెప్పేస్తున్నాను. ఒక్క గోల్ తేడా. ఆ గోల్ ఎవరూ ఆపలేనిది. అయినా ఆ పిల్ల ఆడిన ఆట చూసి స్టేడియం లేచి నిలబడింది. తర్వాత పై జట్టుకు ఎంపికైంది, ఇప్పుడు ఆటల కోటాలో ఉద్యోగం చేస్తూ, సెలవుల్లో పెదకాకాని వెళ్ళి పిల్లలకు గోల్‌కీపింగ్ నేర్పుతోంది. ఏటా కొత్త పంట రాగానే వాళ్ళమ్మ నాకు ఒక సంచి ఎండుమిరపకాయలు పంపుతుంది. కూరలకే వాడుతున్నాను. నాకు మా శాఖ సంజాయిషీ అడిగింది, ఇచ్చాను, ఒక హెచ్చరిక కాగితం నా ఫైల్లో చేరింది. బడిలో ఎవరూ ఆ ఫైలు తెరవలేదు, నేనూ చెప్పలేదు. తిరిగొచ్చాక నేను మళ్ళీ ఈల వేశాను, కానీ పిల్లలెవరైనా తప్పు చేసి నోరు పెగలక నిలబడితే, వెంటనే కేకలెయ్యడం మానేశాను. కాసేపు ఆగేదాన్ని. ఎంతసేపు పడుతుందో నాకు తెలుసు కదా. మీ బడుల్లో నిబంధనలు చదివేటప్పుడు, దయచేసి ఆఖరిది ముందు చదవండి.

ఆ మ్యాచ్ రోజుకే వస్తాను. ముందురోజు సాయంత్రం సాధనలో బంతి ఒక్కటీ జారలేదట, కోచ్‌గారు మా పిల్లనే దింపారు. మామూలు టిక్కెట్టు కొనుక్కుని, గోల్‌పోస్టు వెనక వరసల్లో, జనం మధ్యలో కూర్చున్నాను. బెంచీ దూరంగా కనిపిస్తోంది. నేను కూర్చునే చోట ఫిజియో పిల్ల కూర్చుంది. రెండో సగంలో అవతలి జట్టుకి పెనాల్టీ ఇచ్చారు. బంతి చుక్క మీద పెట్టారు. బంతి తన్నడానికి వచ్చింది ఎవరో కాదు, షాంపూ నురగ పిల్ల. ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి అనబోయి మానేసి, ప్రార్థన మొదలుపెడితే అదీ మధ్యలో ఆగిపోయింది.

మా పిల్ల గీత మీదికి వెనక్కి నడుస్తూ ఒక్కసారి తల తిప్పి జనంలోకి వెతికింది. నన్ను చూసింది. గ్లోవు వేసుకున్న గుప్పిట నోటి దగ్గర పెట్టుకుని, అందరికీ కనపడేలా, రెండుసార్లు దగ్గింది. పెనాల్టీ తన్నబోతున్న పిల్లకి అది చూడగానే అర్థమైనట్టుంది, పళ్ళికిలించింది. తర్వాత తన్నింది. మా పిల్ల ఎడమవైపు దూకింది, బంతి వచ్చి రెండు చేతులకీ అతుక్కుపోయింది.

జనం హోరులో, అది లేచి బంతి పట్టుకుని మళ్ళీ నావైపు చూస్తే, నేను కూడా గుప్పిట నోటికి పెట్టుకుని గట్టిగా దగ్గాను. ఆపకుండా దగ్గాను. పక్కన కూర్చున్న పెద్దాయన కంగారుపడి తన సీసా నా చేతిలో పెట్టి, వీపు నిమురుతూ, "మంచినీళ్ళు తాగమ్మా, బంతి ఆపేసిందిలే, ఇంకేం భయం లేదు" అన్నాడు.